కొట్టని గుమ్మడికాయ

మా ఆయన సినిమాల్లో కోడైరెక్టరు. నేను క్యాన్సర్ ల్యాబులో పనిచేస్తాను. ఫిల్మ్ నగర్‌లో అద్దె వాటా మాది. అన్నాల దగ్గర ఆయన షూటింగ్ కబుర్లూ నా కణాల కబుర్లూ కలిసిపోయేవి.

ఒకసారి నా పనేంటో చెప్పమని ప్రాణం తీశారు. చెప్పాను. అడుగున కంటికి ఆనని చిల్లులున్న చిన్న గిన్నె. ఆ చిల్లుల మీద పల్చగా జెల్లీ పూస్తాం. పైన క్యాన్సర్ కణాల్ని ఆకలితో ఉంచి, కింద తిండి పెడతాం. మర్నాడు పైన మిగిలినవాటిని దూదిపుల్లతో తుడిచేసి, అడుగువైపు ఊదారంగు వేసి మైక్రోస్కోపులో చూస్తాం. జెల్లీని తొలుచుకుని ఎంత ఎక్కువగా దిగితే ఆ క్యాన్సర్ అంతగా చొరబడే రకమన్నమాట. వాటిని ఆపే మందు వెతకడం నా పని.

"ఓసి నీ దుంపతెగ! ఆకలితో గోడలు తొలుచుకుని వచ్చేస్తాయా? అయితే అవి వేషాల కోసం పస్తులుండే మా కృష్ణానగర్ వాళ్ళే" అని పడీపడీ నవ్వారు.

అప్పట్నుంచీ నేను కొత్త మందు మొదలుపెడితే చాలు, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టేవారు. సినిమావాళ్ళకి అంతేగా, మొదలెడితే కొబ్బరికాయ, షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ. "ఒక్కటీ దాటని రోజు గుమ్మడికాయ నేనే కొడతా" అనేవారు. "మీ చాదస్తం తగలెయ్య!" అని విసుక్కుంటూ కొబ్బరి పచ్చడి చేసేదాన్ని.

ఆయనకే పేగులో క్యాన్సరొచ్చింది. కాలేయంలోకీ పాకింది. గిన్నెలో రోజూ చూసేదే ఆయన ఒంట్లో జరిగింది, నా దగ్గరేమో మందు లేదు. ఆ కోపం ఎవరి మీద చూపించను? ఆస్పత్రి మంచం మీదా అదే అడిగేవారు.

"దాటాయా?"

"దాటాయండీ."

"సర్లే, రేపు చూద్దాం."

ఆయన పోయిన ఏడాదికి, మొన్న, అడుగంతా ఖాళీగా కనిపించింది. మందు కణాల్ని చంపేసిందేమోనని విడిగా పరీక్షించాను. బతికే ఉన్నాయి. మందు వెయ్యని గిన్నెలోవి ఎప్పట్లాగే దిగాయి. "ఏవండీ, దాటలేదండీ" అని పైకే అనేశాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి తలెత్తి చూసింది.

వస్తూ వస్తూ శ్రీనగర్ కాలనీలో బూడిద గుమ్మడికాయ కొన్నాను. ఆడవాళ్ళు కొట్టకూడదంటారు, నాకా పట్టింపు లేదు. కర్పూరం వెలిగించి పైకెత్తాను. చేతులు రాలేదు. కొడితే షూటింగ్ అయిపోయినట్టు. ఇక ఎవరి సామాను వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోవడమే.

మర్నాడు ల్యాబులో మా సర్ ఆ ఫలితం చూసి, "బావుందమ్మా, కానీ ఒక్కసారికి నమ్మలేం. మళ్ళీ చెయ్యాలి" అన్నారు. ఇంకెప్పుడైనా అయితే మొహం మాడ్చుకునేదాన్నే. ఆ పూట ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

ఈ పొద్దున కొబ్బరికాయ నేనే కొట్టాను, వంకరగా పగిలింది. గుమ్మడికాయ ఆయన కుర్చీలో ఉంది. ఆయనే కొడతానన్నారుగా, ఉండనీ.