గంజి నర్సమ్మ

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి. మూడో తరగతి దాకే చదివాను, మన్నించండి. మన నర్సమ్మ జ్వరంతో పోయిందని నిన్న పొద్దున బంట్వారం నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. రేపు దవాఖాన ముందు అందరూ కూర్చుని ఆమెను తలచుకుంటారట. రాసిస్తే ఎవరైనా చదివి వినిపిస్తారని మా ఆయన అన్నాడు. నోటితో చెప్పలేను కనుక రాస్తున్నాను.

ఆమె రాకముందు మన దవాఖాన ఎలా ఉండేదో మీకు తెలుసు. ఏ నొప్పికైనా సూదే. ఒకరికి గుచ్చిన సూదిని దూదితో తుడిచి ఇంకొకరికి గుచ్చేవారు. నెల సగం కాకుండానే మందులు అయిపోయేవి. నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లు వికారాబాద్ రైలెక్కేవారు.

ఆమె వచ్చిన వారానికే పెరట్లో మూడు రాళ్లతో పొయ్యి పెట్టించింది. దాని మీద ఇత్తడి గిన్నె, గిన్నెలో మరిగే నీళ్లు, నీళ్లలో సూదులు. పాత చీటీలు, చిత్తుకాగితాలు ఒక్కటీ పారేయకుండా ఆ పొయ్యిలోనే వేసేది. ఎవరైనా విసుక్కుంటే, "నీళ్లకు తొందర జెప్పరాదు, కూసోండ్రి" అనేది. సూది అక్కరలేనివాళ్లు పట్టుబడితే, "గీ మందు నీకు గుచ్చితె రేపు పాణం మీదికొచ్చినోనికి ఏం గుచ్చాలె?" అని అడిగేది.

మా బాబుకు ఏడాది నిండకముందు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అత్తమ్మ, నేను వాణ్ణి తీసుకుపోయాం. నర్సమ్మ వాడి పొట్ట మీద చర్మం పట్టి చూసి, పల్చటి గంజిలో చిటికెడు ఉప్పు వేసి చెంచాతో తాపమంది.

"గంజి మా ఇంట్ల లేదా? గింత దూరం గంజి కోసమొచ్చినమా?" అంది అత్తమ్మ.

"ఉన్నది పెద్దమ్మా. తాపలేదు గదా."

ఆ రోజంతా అరుగు మీది నాపరాయిపై నా పక్కన కూర్చుని చెంచా ఆమే పట్టింది. వాడు కక్కితే కాసేపు ఆగేది, మళ్లీ పట్టేది. ముందు రోజు నుంచి ఉచ్చ పోయనివాడు పొద్దు వాలుతుండగా పోశాడు. నా చీర తడిసింది. "గెలిచినం బిడ్డా" అని ఆమె నా తల నిమిరింది.

తాయెత్తు వల్ల తగ్గిందని అత్తమ్మ అంది. ఊరు ఆమెకు గంజి నర్సమ్మ అని పేరు పెట్టింది. మందులు దాచి అమ్ముకుంటోందని అర్జీ కూడా పోయింది. దాని మీద మా ఇంటి వేలిముద్ర ఉంది.

విచారణకు వచ్చిన అధికారి అత్తమ్మను అడిగాడు. "సూది అడిగితె గంజి తాపుమన్నది" అని ఆమె చెప్పింది. "మరి పిల్లవాడు?" అంటూ ఆయన నా వైపు తిరిగాడు. వాడు నా చంకలోనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూశాను.

అప్పుడు నర్సమ్మే అంది. "కొత్త కోడలు సార్, నలుగురిల మాట్లాడది. ఇడ్సిపెట్టుండ్రి."

ఆమెను బంట్వారం పంపేశారు. బస్సెక్కేటప్పుడు కూడా నన్ను పిలిచి అడిగింది ఒక్కటే, "నీళ్లు కాచి తాపుతున్నవా బిడ్డా?" తల ఊపాను.

ఆమె పోయాక పొయ్యి ఆరిపోయింది. ఎందరికో చేతుల మీద సూది గుచ్చినచోట చీము గడ్డలు లేచాయి. మందులు మళ్లీ నెల మధ్యలోనే అయిపోయాయి. చివరికి ఆ గిన్నె మళ్లీ పెట్టమని మీరే అడిగారు. పెట్టారు. ఆమెను మాత్రం ఎవరం పిలిపించలేదు.

ఆ రోజు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను. మా బాబు ఆమె తాపిన గంజితోనే బతికాడు. ఆమె ఏదీ దాచలేదు. దాచింది నేను.

చదివాక ఈ కాగితాన్ని ఉంచకండి. ఎల్లుండి పొద్దున సూదుల గిన్నె ఎక్కించేటప్పుడు ఆ పొయ్యిలో వేసి కాల్చేయండి. నీళ్లు మరిగేదాకా ఎవరూ తొందరపెట్టకండి.