మింగే నీళ్ళ మేడం

మేడం పోయారని నందిగామ నుంచి ఆవిడ ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను జగ్గయ్యపేటలో పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతున్నాను. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిందట. సెలవు చెప్పి బస్సెక్కాను. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. వత్సవాయి నుంచి ఆవిడ తమ్ముడి కుటుంబం వచ్చింది, వీధివాళ్ళు వచ్చారు, నేనెప్పుడూ చూడని ఊళ్ళవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళలో చాలామందికి ఆవిడ శాస్త్రవేత్త అని తెలియదు. మింగలేనివాళ్ళకి మంచినీళ్ళు పట్టడం నేర్పే మేడం అని మాత్రమే తెలుసు. ఆ పని దాకా ఆవిడ ఎలా వచ్చారో నాకు తెలుసు. ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మేడం వత్సవాయిలో పత్తి, వరి పండించే ఇంట్లో పుట్టారు. ఫిజిక్స్ చదివారు. పాలు తోడుకుంటున్నప్పుడు లోపల ఏం జరుగుతుందన్న విషయం మీద డాక్టరేట్ చేసి, హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో చేరి అక్కడే రిటైరయ్యారు. ఇడ్లీ పిండి, జామ్, హల్వా, ఐస్‌క్రీమ్, వీటి చిక్కదనం కొలవడం ఆవిడ ఉద్యోగం. ఫిజిక్స్ వాళ్ళు దాన్ని వంటింటి ఫిజిక్స్ అనేవారు. ఆహార విభాగం వాళ్ళేమో ఈవిడకి లెక్కలే తప్ప ఉప్పూ కారం తెలియవనేవారు. మేడం రెండూ ఒప్పుకునేవారు. నిజంగానే ఆవిడకి వంట సరిగా రాదు.

నేను ఆవిడ దగ్గర పరిశోధనకి చేరడానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మా నాన్నేం చేస్తారని అడిగారు.

"ముక్త్యాలలో సిమెంటు లారీ డ్రైవరండి."

"సిమెంటూ ఇసకా మాల్ కలపడం చూశావా ఎప్పుడైనా?"

"మా ఇల్లు కట్టేప్పుడు చూశానండి."

"నీళ్ళెక్కువైతే?"

"జారిపోద్దండి. గోడకి నిలబడదు."

"అయితే సగం సబ్జెక్టు నీకు వచ్చేసినట్టే. అటు రాయీ కాదు, ఇటు నీళ్ళూ కాదు. మన పనంతా ఆ మధ్యలో ఉన్నవాటితోనే" అన్నారు.

ముక్త్యాల పిల్లకి ఫిజిక్స్ ఏం వచ్చునని అడిగేవాళ్ళనే అప్పటిదాకా చూశాను. ఆ మాటతో నాకు అక్కడ కూర్చునే ధైర్యం వచ్చింది.

మేడంతో హోటల్‌కి వెళ్తే కాస్త ఇబ్బందిగా ఉండేది. చట్నీ వచ్చిన వెంటనే గిన్నె పక్కకి వంచి అది ఎంతసేపటికి కదులుతుందో చూసేవారు. సర్వరు పాడైపోయిందేమోనని కంగారు పడేవాడు. "బాగానే ఉంది నాయనా, ఊరికే చూస్తున్నా" అనేవారు. ల్యాబ్ పుస్తకంలో మాత్రం ఆటలు సాగేవి కావు. కొలిచినది పెన్నుతో రాయాలి, మనం అనుకున్నది పెన్సిల్‌తో రాయాలి. రెండూ కలిపేస్తే పేజీ మొత్తం మళ్ళీ రాయించేవారు.

నేను చేరిన రెండో ఏడు ఆవిడ జావ మీద పని మొదలుపెట్టారు. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి గొంతు సరిగా పనిచెయ్యదు. అన్నం ముద్ద ఎలాగో దిగుతుంది గానీ మంచినీళ్ళు పడితే పొరపోతాయి. నీళ్ళు తొందరగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని నీళ్ళలో చిక్కబరిచే పొడి కలిపి పడతారు. ఆ పొడి ఖరీదైనది, మన ఊళ్ళలో దొరకదు. దాని బదులు జొన్న జావని సరైన చిక్కదనంలో కాచి పట్టవచ్చా అన్నది మా ప్రశ్న. ఏడాదిన్నర కొలిచాం. అరగంటసేపు చిక్కదనం ఏమాత్రం తగ్గలేదు. మింగలేనివాళ్ళకి ఇది పనికొస్తుందని పరిశోధన పత్రం రాశాం, అచ్చయింది. పేపర్లో కూడా వేశారు. మా విభాగానికి తర్వాతి హెడ్ మేడమే అని అందరూ అనుకుంటున్న రోజులవి.

అదే ఏడాది మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, నీళ్ళు పడితే దగ్గు. నేను సెలవు పెట్టి ఇంటికొచ్చి, మేం రాసిన కొలతల ప్రకారం జావ కాచి చెంచాతో పట్టాను. మొదటి నాలుగైదు చెంచాలూ చక్కగా దిగేవి. చివరికొచ్చేసరికి దగ్గు వచ్చేది. అలిసిపోతున్నారులే అనుకున్నాను. పదో రోజుకి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఆసుపత్రి వరండాలో నిలబడి మేడంకి ఫోన్ చేశాను. అంతా విన్నారు. ధైర్యం చెబుతారనుకున్నాను. ఆవిడ ఒకటే అడిగారు.

"తాగించడం అయ్యాక గిన్నెలో మిగిలింది ఎట్లా ఉండేది?"

గుర్తు చేసుకున్నాను. నేనే కదా రోజూ కడిగింది.

"పల్చగా ఉండేదండి. నీళ్ళలాగా."

"ఒకటే చెంచానా?"

"ఒకటేనండి."

"జావ ఆపెయ్యి. డాక్టర్లు చెప్పిందే చెయ్యి" అని పెట్టేశారు.

ఆ రోజే ల్యాబ్‌కి వెళ్ళి జావ కాచి, తన ఉమ్మే అందులో కలిపి యంత్రంలో పెట్టారట. చూస్తుండగానే చిక్కదనం పడిపోయింది. ఉమ్మి పిండిని కరిగిస్తుందని బడిపిల్లలకి కూడా తెలుసు. మాకూ తెలుసు. నోట్లో ఉండేది రెండు క్షణాలే కదా, అంతలో ఏమవుతుందని వదిలేశాం. నోట్లో పెట్టిన చెంచా మళ్ళీ గిన్నెలోకి వస్తుందనీ, మింగలేని మనిషికి ఒక గిన్నె పట్టడానికి అరగంట పడుతుందనీ మాకు తట్టలేదు. 'పనికొస్తుంది' అన్న ఆ ఒక్క వాక్యం పెన్సిల్‌తో రాయాల్సిందని మేడం తర్వాత అన్నారు.

పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు ఆవిడ ఉత్తరం రాశారు. పైవాళ్ళు చిన్న సవరణ వేయిస్తే చాలదా అన్నారు. నేనూ అదే అన్నాను. నా డాక్టరేట్‌లో సగం ఆ పత్రమే మరి.

"సవరణ ఎవరు చదువుతారమ్మా? పత్రం చూసి ఎక్కడో ఒకళ్ళు జావ కాస్తానే ఉంటారు" అన్నారు.

"అందరి ముందూ తలొంచుకోవాల్సొస్తదండి."

"సిగ్గు నాలుగు రోజులుంటుంది. అచ్చులో ఉన్న తప్పు ఉండిపోతుంది."

కోపం వచ్చింది. ఆ కోపంలో సగం నా మీదే. మా నాన్నకి ఆ చెంచా పట్టింది నా చెయ్యే. హెడ్ పదవి వేరొకరికి వెళ్ళింది. నా చదువు రెండేళ్ళు వెనకపడింది.

నాన్న ఇంటికొచ్చిన వారానికి మేడం ముక్త్యాల వచ్చారు. అమ్మ వేసిన కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

"మీ అమ్మాయి తప్పేం లేదండి. నేను రాసింది నమ్మి పెట్టింది. తప్పు నాది. ఆ మాట చెబుదామనే వచ్చా" అన్నారు.

నాన్నకి మాట ఇంకా ముద్దగానే వస్తోంది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అన్నారు: "జావ... రుచిగానే ఉందండి మేడంగారూ."

మేడం నవ్వలేదు. లేచేటప్పుడు మాత్రం, "మంచినీళ్ళు మింగే దారి చూస్తా" అన్నారు.

చూశారు. గోరుచిక్కుడు గింజల పొడిని ఉమ్మి ఏమీ చెయ్యలేదు. ఈసారి ప్రతిదీ ఉమ్మి కలిపే కొలిచాం. చెంచా గిన్నెకీ నోటికీ ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు కొలిచాం. డాక్టర్ల ఎదుట, ఒప్పుకున్న రోగుల దగ్గర ఒక్కొక్కళ్ళనీ చూశాక గానీ ఆవిడ ఒక్క వాక్యం రాయలేదు. నాన్న ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. ఆరేళ్ళూ చిక్కబరిచిన నీళ్ళే, చిక్కబరిచిన టీనే. "ఇది తాగాలా, నమలాలా?" అని రోజూ విసుక్కునేవారు. ఆ మాట మేడంకి చెబితే టీ కోసమే మరో నెల పనిచేశారు. వేడి మీద ఒకలాగ, చల్లారాక ఒకలాగ ఉంటోందని, ఎంతసేపు ఆగి తాగాలో కాగితం మీద రాసి పంపారు. ఆ కాగితం అమ్మ వంటింటి గోడకి అంటించింది.

రిటైరయ్యాక మేడం నందిగామలో బస్టాండుకి దగ్గరగా ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వత్సవాయికి వెళ్ళకుండా ఇక్కడెందుకని అడిగాను. "నాలుగు వైపులా బస్సులున్నాయిగా. మింగలేని మనిషిని ఇంట్లో పెట్టుకుని వచ్చేవాళ్ళు, వాళ్ళకి దగ్గరుండాలి" అన్నారు. డాక్టరు చీటీ చూపిస్తే గానీ నేర్పేవారు కాదు. నేర్పాక వాళ్ళ చేత చేయించేవారు. ప్రతి ఒక్కరికీ చెంచాల సంగతి చెప్పేవారు. మొదట్లో తను చేసిన తప్పు కూడా చెప్పేవారు. అలా చెప్పుకోవడం ఎందుకండీ అని ఒకసారి నేనంటే, "తప్పు సంగతైతే గుర్తుంటుందమ్మా, పాఠం మర్చిపోతారు" అన్నారు.

పదకొండో రోజు అయ్యాక పుస్తకాలు సర్దడానికి నందిగామ వెళ్ళాను. తలుపు తీసి ఉండటం చూసి ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. కీసర నుంచట. భార్యకి పక్షవాతం. చేతిలో డాక్టరు చీటీ, స్టీలు గ్లాసు ఉన్నాయి.

"మేడంగారున్నారాండి?"

చెప్పాను. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెళ్ళలేదు.

"మరి నీళ్ళెట్లా పట్టాలండీ?" అన్నాడు.

ఆయన్ని కూర్చోబెట్టి చీటీ చదివాను. డబ్బాలో పొడి ఇంకా ఉంది. కొలిచి ఇచ్చి, ఆయన చేతే కలిపించాను. ఉండ కట్టింది. పారబోసి మళ్ళీ కలపమన్నాను. రెండోసారి కుదిరింది. వంచి చూడమన్నాను. ఆయన గ్లాసుని కిటికీ వెలుగులోకి ఎత్తి, మెల్లగా పక్కకి వంచాడు. లోపలి నీళ్ళు తొందరపడకుండా, ఒక్క వరసలో, గ్లాసు అంచు వైపు కదలసాగాయి. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.