ఉస్తాద్ దెబ్బలు

ఉస్తాద్ పోయాడు. మంగళవారం పొద్దున అజ్మాన్‌లో తన గదిలో నమాజుకని లేచి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. గదిలోవాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను రింకులో ఒక బూటుకు రివెట్టు దిగ్గొడుతున్నాను. ఫోన్ పెట్టేసి వచ్చి ఆ రివెట్టును ఎంత గట్టిగా కొట్టానంటే అది కాస్తా వంకరపోయింది. ఆయన చూసి ఉంటే నా వీపు మీద ఒకటి పడేది.

దుబాయ్‌లో మంచు మీద హాకీ ఆడతారంటే మా జగిత్యాల వైపు ఇప్పటికీ ఎవరూ నమ్మరు. లీవులో పోయి చెబితే "దుబాయ్ వోయినోడు ఏమన్న జెప్తడు" అని నవ్వారు. నిజమే చెబుతున్నాను. బయట తారు మెత్తబడే ఎండ. లోపల పెద్ద షెడ్డు, అందులో నేలంతా మంచుగడ్డ, దాన్నే రింకు అంటారు. దాని మీద కత్తులు బిగించిన బూట్లేసుకుని, చేత కర్రలు పట్టుకుని, ఒక నల్లటి రబ్బరు బిళ్ళ కోసం నూనె బావుల దగ్గర పనిచేసే కెనడా వాళ్ళు, స్వీడన్ వాళ్ళు శుక్రవారం సాయంత్రాలు ఒకరినొకరు చావబాదుకుంటారు. సరదాకి ఆడుతున్నామంటారు. ఆ షెడ్డు కట్టేటప్పుడు నేను సిమెంటు మోశాను. కట్టడం అయ్యాక ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను సామాన్ల గదిలో ఉస్తాద్ కింద వేశాడు.

మొదటి రోజు ఆయన నన్ను పేరు కూడా అడగలేదు. స్టూలు మీద కూచోబెట్టి, తలకో హెల్మెట్ తగిలించి, గడ్డం కింద పట్టీ బిగించి, మూలనున్న హాకీ కర్ర తీసి నెత్తిన ఫెడీమని కొట్టాడు. కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి. హెల్మెట్ పక్కకు జరిగి చెవి చెక్కుకుపోయింది.

"ఏమైందిరా?"

"చెవు వోయింది ఉస్తాద్."

"లూజు గదా, పోదా మరి?" అని ఇంకో సైజు పెట్టి మళ్ళీ కొట్టాడు. ఈసారి హెల్మెట్ కదల్లేదు. తల దిమ్మెక్కిందంతే, చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

"ఇదీ నీ సైజు. అద్దంలో చూపించి సైజు చెప్పేటోళ్ళు బయట అంగట్లో ఉండారు. ఈ రూములో కొట్టి చూస్తాం."

వారం తిరిగేసరికి నా ఒంటి మీద ఆయన కర్ర తగలని చోటు లేదు. మోచిప్ప పట్టీ వేసి మోచిప్ప మీద, భుజాల కవచం వేసి భుజం మీద. ముంగాలి పట్టీ ఒక సైజు చిన్నది పెట్టాడొకసారి. పట్టీకీ బూటుకీ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలింది. సరిగ్గా ఆ సందులో కొట్టాడు. నేను గది అంతా గెంతుతుంటే నింపాదిగా చాయ్ తాగుతూ "సందు యాడుందో నీ కాలికి తెలిసింది, ఇంక మరిచిపోదు" అన్నాడు. పదేళ్ళవుతోంది, మరిచిపోలేదు. ఆ రోజుల్లో ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు, మనసులోనే అనుకోండి.

ఆయనది ప్రొద్దుటూరు. టాంగా గుర్రాలకు జీను, కళ్ళెం కుట్టే ఇంట్లో పుట్టాడు. దుబాయ్ వచ్చి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల సీట్లు కుట్టాడు. అక్కణ్ణించి రింకుకి. మంచుగడ్డ అంటే సోడా బండి దగ్గర రంపపు పొట్టులో కప్పెట్టినదే తెలిసిన మనిషి, దాని మీద ఒక్కనాడూ జారనివాడు, ఆ ఆట సామానంతా తోలు పట్టుకుని నేర్చుకున్నాడు. "గుర్రం నోరు తెరిచి చెప్పదు. ఈ దొరలు చెప్తారు, చెప్పేదంతా అబద్ధం" అనేవాడు. నిజమే, రోజూ వేసుకునే బూటు సైజే అడిగేవాళ్ళు. మన జనం చెప్పులు కాస్త పెద్దవి కొన్నట్టు ఒక సైజు ఎక్కువ అడిగేవాళ్ళూ ఉండేవారు. ఆయన ఒక సైజు తగ్గించి ఇచ్చేవాడు. వేళ్ళు ముందు తోలును తాకాలి, మడమ లేవకూడదు. ఆరడుగుల ఇంజనీరు కూడా ఆయన ముందు స్టూలు మీద తల వంచి కూచునేవాడు. హెల్మెట్ మీద వేలి కణుపులతో టకటకా రెండు దెబ్బలు పడ్డాకే లేవాలి. కత్తి పదును మాత్రం తన బొటనవేలి గోరు మీద చూసుకునేవాడు. ఆ గోరు ఎప్పుడూ అరిగిపోయి చదునుగా ఉండేది.

ఆట అయ్యాక ఆయనకు అసలు కోపం మొదలయ్యేది. చెమటతో తడిసిన లేసులు విప్పకుండా, ముడులతోనే బూటు పీకేవాళ్ళు కొందరు. "నో పుల్! నో పుల్!" అని గది అదిరేలా అరిచేవాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషులో సగం అదే. నాకు ఇంకా వివరంగా చెప్పాడు: "లాగితే తడి ముడి బిగుసుకుంటాది. లేసును ముడి లోపలికి తొయ్యి. దానంతటదే విడుస్తాది." లేసు దూరే కన్నుల్లో అట్టడుగుదాని దాకా వదులు చేసి, కత్తి తుడిచి, బూటును నీడలో ఫ్యాను కింద నిలబెట్టాలి. అలా ఆరడానికి రెండు రోజులు పట్టేది. అక్కడే నేను దెబ్బ తిన్నాను. కాదు, నా దెబ్బ ఆయన తిన్నాడు.

ఆరేళ్ళ కింద ఆగస్టులో ఉస్తాద్ ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేసే తమ్ముడి దగ్గరకు రెండు రోజులు వెళ్ళాడు. గదిలో ముందు రాత్రి ప్రాక్టీసులో తడిసిన నలభై జతల బూట్లు, ఒకటే కంపు. పైన చూస్తే ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఇంట్లో మక్కలూ మిరపకాయలూ ఎండబోసిన బుద్ధి ఎక్కడికి పోతుంది? జతలన్నీ డాబా మీద పరిచాను. సాయంత్రానికి అప్పడాల్లా ఎండిపోయాయి. కంపు పోయింది. ఉస్తాద్ వచ్చి మెచ్చుకుంటాడని మురిసిపోయాను. శుక్రవారం ఆయన బస్సు దిగి వచ్చేసరికే నేను బూట్లన్నీ పంచేశాను, ఆట మొదలైంది.

ఎర్రగడ్డం కెనడా ఆయన వేగంగా వస్తూ తిరగబోయాడు. ఎండకు ముడుచుకున్న అడుగుతోలు రివెట్లు వదిలేసింది. కత్తి ఊడి మంచు మీద గింగిరాలు తిరిగింది. కాలు మడతపడిన చప్పుడు మంచు చుట్టూ ఉన్న కటకటాల అవతల నిలబడ్డ నాకు వినబడింది. వెనకొచ్చేవాడు ఆగలేక మీద పడ్డాడు, వాడి కత్తి ఈయన చెంపను చీల్చింది. మంచు నెత్తురు పీల్చదు. అలా పరుచుకుంటూ పోయింది, దాన్నుంచి ఆవిరి లేచింది. వాడు కావాలనే పడేశాడనుకుని రెండు జట్లూ కలబడ్డాయి. చేతి తొడుగులు పారేసి ముఖాల మీద గుద్దుకున్నారు, కర్రలు విరిగాయి. ఆ గోలలో ఒకడు ఎర్రగడ్డం ఆయన బూటు పట్టుకుని పీకుతున్నాడు, ఆయన గొడ్డులా అరుస్తున్నాడు.

ఉస్తాద్ రబ్బరు చెప్పులతోనే మంచు మీదకు ఉరికాడు. రెండుసార్లు పడ్డాడు. పాకుతూ వెళ్ళి "నో పుల్!" అని వాణ్ణి తోసేసి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని లేసు విప్పడం మొదలుపెట్టాడు. ఊడిన కత్తి ఎవరో ఎత్తి చూపించారు. నువ్వే కదా ఇచ్చిందని బూతులు తిడుతూ ఒకడు కర్రతో ఆయన కుడి భుజం మీద కొట్టాడు. కవచం లేని భుజం. ఆయన ముఖం ఎత్తలేదు. రెండో దెబ్బకి భుజం కిందికి వేలాడింది. ఎడం చేత్తో, పంటితో పట్టి, ఒక్కో కన్నూ వదులు చేస్తూనే ఉన్నాడు. అడుగు దాకా విప్పి, బూటు రెండు వైపులా విడదీసి, పాదాన్ని బయటికి తీశాడు. ఆ కాలు నిలిచింది. కెనడా ఆయన ఇప్పటికీ నడుస్తున్నాడు.

నేను కటకటాలు పట్టుకుని నిలబడే ఉన్నాను. "నేనే ఎండలో పెట్టాను" అనాలి. మూడు మాటలు. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుంది, ఇంటికి పంపించేస్తారు అన్న భయం తప్ప నా నోట్లో ఏమీ లేదు. ముదీర్ వచ్చి ఎవరి పని ఇది అని అడిగాడు. ఉస్తాద్ "రూము నాది" అన్నాడు. అంతే.

నాలుగో రోజు చెయ్యి మెడకు వేలాడేసుకుని వచ్చాడు. హెల్మెట్‌లు చూపించి "ఇంక నువ్వే కొట్టాల" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే ఎండల వెట్టిన ఉస్తాద్."

"తోలు ముట్టుకుంటానే తెలిసింది."

"మరి నన్ను ఒక్క దెబ్బ గూడ కొట్టకపోతివి?"

"కొడదామనే అనుకున్నా. చెయ్యి లేస్తే గదా!"

నేను ఆయన ముందు నేల మీద కూచుని తల వంచాను. ఎడంచేతి కణుపులతో టకటకా రెండు కొట్టాడు. ముదీర్‌కు చెప్పేస్తానన్నాను. "చెప్తే రేపు విమానం ఎక్కిస్తారు. నా చెయ్యి పాయె. నువ్వూ పోతే ఈ బూట్లు ఎవురు చూస్తార్రా? ఖలాస్, పో, రివెట్లు చూడు" అన్నాడు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. దానికే నాకు ఇప్పటికీ సిగ్గు. ఆ కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. ఆరేళ్ళు నేను హెల్మెట్లు కొట్టాను, ఆయన పక్కన కూచుని చప్పుడు విని "మెత్తగా కొట్టినావు, మళ్ళా" అనేవాడు. ఆరేళ్ళూ రింకులో అందరూ ఆ కాలు విరగ్గొట్టింది ఉస్తాద్ అజాగ్రత్తే అనుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం నమాజు తర్వాత అజ్మాన్ శ్మశానంలో మట్టి ఇచ్చారు. రింకు వాళ్ళంతా వచ్చారు, ముదీర్ కూడా. నేను గోరీ అంచున నిలబడ్డాను. నా పక్కన స్టోరు చూసే ఆయన "అచ్ఛా ఆద్మీ థా. బస్, ఉస్ దిన్ జరా గఫ్లత్ హో గయీ" అన్నాడు. మంచివాడే, ఆ రోజు కాస్త ఏమరుపాటు జరిగిందంతే అని.

"గఫ్లత్ మేరీ థీ," అన్నాను. గట్టిగానే అన్నాను. "బూట్లు ఎండలో పెట్టింది నేను. ఆయన ఊళ్ళోనే లేడు." ముదీర్ తల తిప్పి నన్ను చూశాడు. ఇది రాసే వేళకు ఆయన ఇంకా నన్ను పిలవలేదు. పిలిస్తే పోతాను.

గోతి లోపల ఉస్తాద్ తమ్ముడు అన్నను పడుకోబెట్టి, ఒంటికి చుట్టిన కఫన్ గుడ్డ కట్లు విప్పుతున్నాడు. తలవైపుది వచ్చింది, నడుము దగ్గరిది వచ్చింది. కాళ్ళ దగ్గర ముడి, స్నానం నీళ్ళకు తడిసి బిగుసుకుపోయి, రావడం లేదు. కళ్ళనీళ్ళతో ఏమీ కనబడక అతను దాన్ని పట్టుకుని గుంజుతున్నాడు.

"లాగకు భాయ్," అన్నాను. "ముడి లోపలికి తొయ్యి."

అతను నా వంక చూసి, తోశాడు. ముడి విడిచింది. గుడ్డ వదులై, ఉస్తాద్ పాదాలు మెల్లగా ఒక పక్కకు వాలాయి.