మా నాన్నకు గేరు వేయడం వచ్చు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇప్పటికి ఎన్నిసార్లు మొదలుపెట్టానో, అన్నిసార్లూ ఎవరో ఒకరు మధ్యలో లేచి వెళ్లిపోయారు. మా ఆవిడ “మళ్లీ ఆ కారేనా” అంటుంది. మా తమ్ముడు ఫోను తీసి చూసుకుంటాడు. మా కాలనీ సంఘం వేసే సంచికకు రెండుసార్లు రాసి పంపాను. వేయకపోతే పోనీ, అందినట్టు కూడా చెప్పలేదు. కాబట్టి ఈసారి మొత్తం రాస్తున్నాను. లేచి వెళ్లదలచుకున్నవాళ్లు ఇప్పుడే లేవవచ్చు.

మా నాన్న ఒక సినిమా కంపెనీలో డ్రైవరు. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి వస్తున్న రోజుల్లో మేమూ ఆ కంపెనీ వెంట వచ్చి కృష్ణానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అప్పుడు నాకు పదేళ్లు. కంపెనీకి పాతకాలపు పెద్ద తెల్లకారు ఒకటి ఉండేది. దానికి గేరు కర్ర ఇప్పటి కార్లలా సీట్ల మధ్య కాకుండా స్టీరింగు పక్కనే ఉండేది. కర్రను ఎత్తి దించితే బానెట్ కింద ఇనుప కడ్డీలు కదిలి గేరు మారేది. ఆ కడ్డీల కొసల్లో బుష్‌లని చిన్న ఉంగరాల్లాంటివి ఉంటాయి, అవి అరిగిపోయాయి. దాంతో గేరు మధ్యలో ఇరుక్కునేది, లేకపోతే పడిన గేరు దానంతటదే జారిపోయేది. నాన్న దిగి, బానెట్ ఎత్తి, కాలే కడ్డీని చేతిగుడ్డతో పట్టుకుని సర్ది, మళ్లీ ఎక్కేవాడు.

ఈ సంగతి నాన్న ప్రొడక్షన్ మేనేజరు గారికి మూడుసార్లు చెప్పాడు. మొదటి రెండుసార్లూ నేను లేను. మూడోసారి ఉన్నాను. ఫిల్మ్ నగర్‌లో కంపెనీ ఆఫీసు వరండాలో ఆయన ఇడ్లీ తింటున్నారు. నాన్న చెప్పులు మెట్ల దగ్గర విడిచి, “సార్, గేరు జారిపోతోందండీ. దిగుడులో వెళ్తుంటే భయంగా ఉందండీ” అన్నాడు. ఆయన చట్నీ గిన్నె దగ్గరకు జరుపుకుని, “ఈ షెడ్యూలు కానివ్వవయ్యా” అన్నారు. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. దీనికి సాక్షిని నేనే.

తర్వాతి శనివారం జూబ్లీహిల్స్ కొండ మీద నుంచి కారు దిగుతోంది. వెనక సీట్లో మేనేజరు గారు, పక్కన దుస్తుల పెట్టెలు. నాన్న రెండో గేరుకు తగ్గించబోతే కర్ర చేతిలో తేలిపోయిందట. బరువు మీద బ్రేకు ఒక్కటే ఆపలేకపోయింది. ఎదురుగా మలుపు, దాని పక్కన లోయలాంటి బండల గుంట. నాన్న స్టీరింగు తిప్పి, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక గుట్టలోకి కారును ఎక్కించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మేనేజరు గారి నుదురు ముందు సీటుకు తగిలి బొప్పి కట్టింది, అంతే.

ఆయన షూటింగు చోటికి వెళ్లి అందరి ముందూ అన్న మాట మా గదికి నాన్న కంటే ముందే చేరింది. కృష్ణానగర్‌లో మాటలు అలాగే నడుస్తాయి. “గేరు వేయడం రానివాడికి కారెవడిచ్చాడు? సోమవారం పొద్దునకు బండి సరిగ్గా నడిపి చూపించు, లేకపోతే తాళంచెవి బల్ల మీద పెట్టి పో.” నాన్న ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు.

ఆదివారం అమ్మ ఒక్కతే చర్చికి వెళ్లింది. నాన్న ప్రార్థన మానడం నేను చూసింది ఆ ఒక్క వారమే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దారిలో నాలుగుసార్లు బానెట్ ఎత్తుకుంటూ, టోలిచౌకి అవతల పాతబండ్లు విప్పి సామాన్లు అమ్మే ఒక దొడ్డికి తీసుకెళ్లాడు. దాన్ని నడిపే ముసలాయనను అందరూ చాచా అనేవారు.

దొడ్డి నిండా చచ్చిన కార్లు. అన్నిటి మధ్యా మీగడ రంగులో నిగనిగలాడే కారు ఒకటి కనిపించింది. దాని గేరు కర్ర వెండిలా మెరుస్తోంది, కొసన దంతపు గుండు. నేను పరుగెత్తి దాన్ని పట్టుకుని, “నాన్నా, ఇదిగో, ఇదిగో” అని అరిచాను. గట్టిగా లాగేసరికి అది ఊడి చేతిలోకి వచ్చింది. చెక్క. వెండి రంగు పూసిన చెక్క. చాచా నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు.

“అరె బేటా, గది మీ సినిమావోళ్ల బండే. పేల్చెతందుకు జేసిన్రు, వాన పడ్డది, పేల్చకుండనే నాకు పారేసి పోయిన్రు. ఇంజనే లేదు దాన్ల!”

నాన్న కూడా నవ్వాడు. తర్వాత నాన్న చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మా కారు రకానివే అయిదారు బండ్లు ఏరుకున్నాడు. సీటు లేని చోట నూనె డబ్బా వేసుకుని కూర్చున్నాడు. లేని క్లచ్చి మీద కాలు నొక్కి, కళ్లు మూసుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గేర్లు మార్చాడు. ఒక్కో బండిలో అలా పదిసార్లు.

“ఏంది డ్రైవర్ సాబ్, కండ్లు మూసుకున్నవ్. నమాజా, నిద్రనా?” అన్నాడు చాచా.

“కళ్లు తెరిస్తే రంగు కనపడుద్ది చాచా. మావాడిలాగే మోసపోతాను.”

నాలుగో బండి ముందు భాగం నుజ్జయిపోయిన టాక్సీ. తలుపు లేదు, పైన కోడి కూర్చుని ఉంది. అందులో నాన్న చెయ్యి ఆగింది. నన్ను పిలిచి, నా చెయ్యి కర్ర మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి మార్చాడు. ప్రతి గేరు దగ్గరా లోపల ఎక్కడో చిన్నగా, తాళం పడ్డట్టు తగిలింది. “తెలిసిందా?” అన్నాడు. తెలిసింది. అరిగిపోయిన వస్తువు ఊగుతుంది, మంచి వస్తువు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. చూపు చెప్పనిది చెయ్యి చెబుతుంది. నాన్న నాకు నేర్పింది అది.

ఆ టాక్సీ కడ్డీలూ బుష్‌లూ విప్పి మా కారుకు బిగించేసరికి సాయంత్రం అయింది. కారు వెన్నలా నడిచింది. ఆ దొడ్డిలో ఒక రివాజు ఉండేది. సామాను తీసుకున్నవాడు దాని బదులు తన అరిగిన సామాను అక్కడ వదలాలి. చాచా వాటిని ఇనుములో కలిపేస్తాడు. నాన్న మా పాత కడ్డీలనూ బుష్‌లనూ శుభ్రంగా తుడిచి మరీ చాచా చేతికిచ్చాడు. బుష్‌లు ఒకవైపు అరిగి నెలవంకల్లా ఉన్నాయి. నేను చూశాను. ఒక్కటైనా మన దగ్గర ఉంచుకుందామని అడగాలని తోచలేదు. జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

సోమవారం బడికి వెళ్లే దారిలో నాన్నతోపాటు ఆఫీసుకు వెళ్లాను. మేనేజరు గారు వచ్చి, యూనిట్ వాళ్లు చూస్తుండగా, స్వయంగా స్టీరింగు ముందు కూర్చున్నారు. గేరు వేశారు. పడింది. మళ్లీ వేశారు. మళ్లీ పడింది. తల బయటకు పెట్టి, “చూశావా? బండిలో ఏముందయ్యా లోపం? ఇదిగో, ఇలా మెత్తగా వెయ్యాలి” అన్నారు. అందరూ నవ్వారు.

“నిన్ననే మార్చానండీ, బుష్‌లు పోయాయండీ” అన్నాడు నాన్న.

“ఏవీ, చూపించు.”

నాన్న చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను ముందుకు వెళ్లి, “మా నాన్న ముందే చెప్పాడు సార్, మీరు ఇడ్లీ తింటున్నప్పుడు” అన్నాను. ఆయన కారు దిగి లోపలికి వెళ్లిపోయారు. నా వైపు తల కూడా తిప్పలేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. మొద్దుబారేలా సూది వేసి పన్ను పీకేటప్పుడు, ఏదో లాగేస్తున్నారని తెలుస్తుంది కానీ నొప్పి తెలియదు చూడండి, అలా ఉండిపోయాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, “కారు నడుస్తోంది కదరా, ఉద్యోగం నిలిచింది కదా, చాలు” అన్నాడు. మా తమ్ముడు దీన్ని నాన్న ఓర్పు కథగా పిల్లలకు చెబుతాడు. చాలని నాన్న అన్నాడు. నేను అనలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మార్చిన ఏ వస్తువునూ నేను ఎవరికీ ఇవ్వలేదు. కుళాయి వాషరు, ఫ్యాను కెపాసిటరు, స్కూటరు బ్రేకు తీగ, అన్నీ తేదీ రాసి రేకు డబ్బాల్లో ఉన్నాయి. ఏ పనివాడు వచ్చినా అరిగింది నా చేతిలో పెట్టి వెళ్లాల్సిందే. మా ఆవిడ దాన్ని పిచ్చి అంటుంది. అననివ్వండి.

నాన్న ఇంకో ఇరవై రెండేళ్లు అదే కంపెనీలో కార్లు నడిపాడు. ఒక్క గీత పడలేదు. నిరుడు పోయాడు. జ్ఞాపకార్థ కూడికకు మేనేజరు గారు కర్ర పట్టుకుని వచ్చారు. పాస్టరు గారు రెండు మాటలు చెప్పమంటే లేచి, చాలా ప్రేమగానే, “ఆయన చాలా మంచివాడండీ. మొదట్లో గేరు వెయ్యడం కూడా వచ్చేది కాదు. దగ్గరుండి నేనే నేర్పించాను” అన్నారు. జనం నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేను టీ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడూ ఏమీ అనిపించలేదు. పళ్లెం ఒరగలేదు.

మేనేజరు గారూ, మీరు ఇప్పటికీ ఫిల్మ్ నగర్‌లోనే ఉన్నారు. మీకు రెండు ఉత్తరాలు రాశాను, మూడుసార్లు మీ గేటు దాకా వచ్చాను. పడుకున్నారని చెప్పించారు. నాకు క్షమాపణ అక్కర్లేదు. మా నాన్న మీకు ముందే చెప్పాడని ఒప్పుకోండి, లేదా చెప్పనే లేదని నా ముఖం మీద అనండి. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మళ్లీ వస్తాను. ఈసారి వాచ్‌మన్‌ను పంపకండి. మీరే బయటకు వచ్చి జవాబు చెప్పండి.