గవర్నర్‌పేటలో డబ్బు కట్టి నటించిన ఆదివారం

పద్దెనిమిదేళ్ళుగా నాటకాల్లో వేషాలు వేస్తున్నాను. ఇన్నేళ్ళలో నటించినందుకు నాకు డబ్బులిచ్చారే తప్ప, నటించడానికి నేనెప్పుడూ ఒక్క రూపాయి కట్టలేదు. మా పరిషత్తు నాటకాల పద్ధతే అంత. ఊరూరా జరిగే ఈ పోటీల్లో మగవాళ్ళు తలా కొంత వేసుకుని, సొంత పనులు మానుకుని, సరదా కొద్దీ నాటకం ఆడతారు. ఆడ వేషానికి మాత్రం నాలాంటి ఆర్టిస్టుతో పారితోషికం మాట్లాడుకుని, రానూపోనూ ఖర్చులు పెట్టి పిలుస్తారు. మైలవరంలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో ఇలా నాటకాలకి వెళ్ళొస్తుంటాను. అలాంటిదాన్ని పోయిన నెలలో నాలుగున్నర వేలు కట్టి మరీ విజయవాడ వెళ్ళి నటించి వచ్చాను. కాస్టింగ్ డైరెక్టర్ల వర్క్‌షాపుకి వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళకి పనికొస్తుందని ఆ రోజంతా ఇక్కడ రాస్తున్నాను.

సినిమాల్లో ఏ వేషానికి ఎవరు సరిపోతారో వెతికి పెట్టేవాళ్ళని కాస్టింగ్ డైరెక్టర్లు అంటారు. అలాంటి ఒకావిడ హైదరాబాదు నుంచి గవర్నర్‌పేటకి వచ్చి ఒక రోజు క్లాసు చెబుతారని వాట్సాప్‌లో పోస్టర్ వచ్చింది. కింద పెద్దక్షరాలతో ‘ప్రతిభ ఉన్నవారికి నేరుగా సినిమా అవకాశం’ అని ఉంది. ఫోన్ చేస్తే నిర్వాహకుడు శ్రీధర్ అనే ఆయన తీయగా మాట్లాడాడు. ఆదివారం బాగా చేసినవాళ్ళని హైదరాబాదులో ఆరు రోజుల క్యాంపుకి తీసుకెళ్తామని, అక్కడికి సినిమావాళ్ళే వస్తారని చెప్పాడు. తేదీలు అడిగి తెలుసుకున్నాక నా గుండె జారింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హనుమాన్ జంక్షన్‌లో మా పోటీ. మా నాటకంలో ఉన్న ఒకే ఒక ఆడ వేషం నాది. నేను క్యాంపుకి వెళ్తే నాటకం మూలపడ్డట్టే.

మా నాటక సమాజానికి పెద్ద దిక్కు రహీమ్ గారు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపు ఆయనది. నాటకం ఆయనే రాస్తారు, ఆయనే నేర్పిస్తారు, ఒక వేషమూ వేస్తారు, ఖర్చులో సగానికి పైగా ఆయనే పెట్టుకుంటారు. ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆయన షాపు వెనక షెడ్డులో రిహార్సలు ఉంది. అంటే పొద్దున వర్క్‌షాపుకి వెళ్ళి, సాయంత్రానికల్లా ఉంటానో వెళ్ళిపోతానో ఆయన మొహం చూసి చెప్పాలి. నాకు నలభై మూడేళ్ళు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని ఒక మనసు, నన్ను నటిని చేసిన మనిషిని నడిమధ్యలో వదిలేస్తానా అని ఇంకో మనసు. వారం రోజులు నిద్ర సరిగా లేదు.

పొద్దున ఏడుంబావుకి మా ఆయన బండి మీద మైలవరం బస్టాండులో దింపారు. “నేర్చుకోడానికైతే వెళ్ళిరా. హీరోయిన్ అయిపోతే మాత్రం నాకు కాస్త ముందు చెప్పు, చొక్కాలు కుట్టించుకుంటా” అన్నారు. విజయవాడ పల్లెవెలుగు బస్సు సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తున్నారు, మగవాళ్ళకి దాదాపు యాభై అవుతుంది. జి.కొండూరు, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీదుగా గంటంబావు ప్రయాణం. గొల్లపూడి దాటాక ట్రాఫిక్ పట్టుకుంటుంది కాబట్టి ఇంకో పావుగంట చేతిలో ఉంచుకోండి. బస్టాండు బయట ఆటో ఆయన గవర్నర్‌పేటకి వంద అడిగాడు. “వంద పెడితే ఊరు ఆ చివరి దాకా వెళ్ళొస్తానయ్యా” అంటే, “ఆదివారం కదమ్మా, ఖాళీగా తిరుగుతున్నాం” అని డెబ్భైకి ఎక్కించుకున్నాడు. షేర్ ఆటో అయితే ఇరవైతో పోతుంది. హాలు పక్క సందులో నలభై రూపాయలకి నాలుగిడ్లీ తిన్నాను కానీ ఏం తిన్నానో నాకే తెలీదు.

ఒక లాడ్జి మొదటి అంతస్తులో, మీటింగులకి అద్దెకిచ్చే హాలు అది. మొత్తం ముప్పై రెండు మందిమి ఉన్నాం. స్టాండు మీద ఒక ఫోను, అటూ ఇటూ రెండు లైట్లు, ఎదురుగా రెండు కుర్చీలు. కాస్టింగ్ డైరెక్టర్ నిఖిత గారికి ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. హడావిడి లేదు. వచ్చీ రాగానే, “మీకు నటన నేర్పడం ఒక రోజులో నా వల్ల కాదు. కెమెరా ముందు మీరు ఏం పాడుచేసుకుంటున్నారో మాత్రం చెప్పగలను” అంది. ఆ మాటతోనే నాకు ఆవిడ నచ్చేసింది.

ఇద్దరిద్దరికి ఒక చిన్న సన్నివేశం ఇచ్చారు. మాకొచ్చినదాంట్లో కొడుకు ఉద్యోగం మానేసి ఇంటికొస్తాడు. తల్లి అన్నం వడ్డిస్తూ ఆ కబురు వింటుంది. తల్లికి ఉన్నవి నాలుగే మాటలు. కొడుకుగా నాకు జోడీ కుదిరింది మచిలీపట్నంలో ఫొటో స్టూడియో నడుపుకునే ప్రసాద్ గారు. ఆయనకి యాభై దాటాయి, నాకంటే పెద్ద. హాలంతా అప్పుడే ఒకసారి నవ్వుకుంది. సరే, మొదలుపెట్టాం. ఆయన మాట అయ్యింది. నేను లేచి, నాలుగడుగులు ముందుకు నడిచి, హాలు చివరి వరుసకి వినపడేలా నా మాట చెప్పి వెనక్కి వచ్చి కూర్చున్నాను.

“మేడమ్, ఎక్కడికి వెళ్ళిపోయారు? ఫ్రేమ్‌లో లేరు” అంది నిఖిత గారు.

“మైకు దగ్గరికండీ” అన్నాను.

“మైకు ఎక్కడుంది?”

మైకు లేదు. మా స్టేజీల మీద అంచున మూడు మైకులు నిలబెడతారు. మన మాట వచ్చినప్పుడు చూసేవాళ్ళకి తెలియకుండా అటు నడిచి, చెప్పేసి మళ్ళీ మన చోటికి రావాలి. పద్దెనిమిదేళ్ళ అలవాటు కాళ్ళకి పట్టేసింది. వడ్డిస్తున్న అన్నం వదిలేసి లేని మైకు కోసం వెళ్ళిపోయానన్నమాట. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

నిఖిత గారు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి కూర్చుని, “మీ గొంతు చాలా బాగుందండీ. కానీ నాకు గొంతు వద్దు. ఈసారి మాట చెప్పడం గురించి ఆలోచించకండి. ఆయన చెప్పేది వినండి. అన్నం పెడుతూ వినండి, అంతే” అంది. మళ్ళీ చేశాం. ప్రసాద్ గారు చెబుతుంటే విన్నాను. గరిటె పట్టుకున్న చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. నా నాలుగు మాటల్లో రెండే వచ్చాయి. హాల్లో ఎవరూ నవ్వలేదు. “ఇదీ” అంది ఆవిడ. అంత సంతోషం ఈ మధ్య నాకు బహుమతి వచ్చినప్పుడు కూడా కలగలేదు. నిజం చెప్పాలంటే, నేను కట్టిన నాలుగున్నర వేలు ఆ క్షణానికే చెల్లిపోయాయి.

భోజనం వాళ్ళు పెట్టరు, ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. వెనక వీధి మెస్సులో నూట ముప్పైకి భోజనం బాగుంది, దోసకాయ పప్పు మరీ బాగుంది. వడ్డించే ఆవిడ నా మెడలోని బ్యాడ్జీ చూసి, “సినిమావాళ్ళ క్లాసుకొచ్చారామ్మా? మూడు నెలల కిందట కూడా పెట్టారు. అప్పుడూ ఇలాగే పొద్దున నవ్వుకుంటా వచ్చారు, సాయంత్రం టీకొచ్చినప్పుడు మాత్రం ఎవురూ మాట్లాడలా” అంది. ఎందుకని అడిగేలోపు పెరుగు తేవడానికి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్న ప్రసాద్ గారు మెల్లగా చెప్పారు, ఆయనకి ఇది నాలుగో వర్క్‌షాపట.

“వేషం ఏదన్నా వచ్చిందా అండీ?”

“సర్టిఫికెట్లు వచ్చినయ్యండీ. లామినేషన్ చేయించి స్టూడియోలో పెట్టా” అని ఆయనే నవ్వేశారు.

మధ్యాహ్నం రెండున్నరకి శ్రీధర్ మైకు పట్టుకున్నాడు, ఈసారి నిజం మైకే. ఆరు రోజుల క్యాంపు, ముప్పై ఐదు వేలు, సాయంత్రం ఐదులోపు సగం కడితేనే సీటు. కట్టినవాళ్ళ వీడియోలు మాత్రమే సినిమా కంపెనీలకి వెళ్తాయన్నాడు. ఆ తర్వాత నేరుగా నా దగ్గరికొచ్చి, “మేడమ్, అమ్మ వేషాలకి మీలాంటి ఫేసు దొరకటం లేదండి. మేడం గారు కూడా మిమ్మల్ని నోట్ చేసుకున్నారు. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ రాదు” అన్నాడు. నా మనసు ఒక్కసారిగా అటు వాలిపోయింది. ఫోను తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. రహీమ్ గారికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. అంత దూరం వెళ్ళిపోయాను.

టీ ఇచ్చినప్పుడు నిఖిత గారు కిటికీ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. నాకు తిన్నగా అడగడం తప్ప చుట్టూ తిప్పడం రాదు.

“అమ్మా, ఒక్క మాట. నేను ఆ క్యాంపుకి రాకపోతే నా వీడియో మీరిక చూడరా?”

ఆవిడ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. “ఇవ్వాళ తీసినవన్నీ నా దగ్గరే ఉంటాయండీ. మీకు తగ్గ వేషం వస్తే నేనే పిలుస్తాను. రాకపోతే పిలవను. దానికీ డబ్బుకీ సంబంధం లేదు. ఆడిషన్‌కి ఎవరూ ఎప్పుడూ కట్టక్కర్లేదు.”

“మరి ఆయన అలా చెబుతున్నాడే?”

“నన్ను ఈ ఒక్క రోజు క్లాసుకి పిలిచారు, చెప్పాను. ఆ క్యాంపు సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. నేనందులో లేను.” గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, “మీరు స్టేజీ మానకండి. ఇంట్లో ఫోను పెట్టుకుని రోజూ ఒక సీను తీసుకుని చూసుకోండి. అది ఫ్రీ” అంది.

నా నెత్తి మీంచి బస్తా దింపినట్టయింది. వెళ్ళాలా వద్దా అని వారం రోజులు నన్ను నమిలేసిన ప్రశ్న, అసలు ప్రశ్నే కాదని తేలిపోయింది. వెనక్కి వెళ్ళి ప్రసాద్ గారి చెవిలో ఆ మాటలు వేశాను. డబ్బు కట్టడానికి తీసిన బ్యాంకు కార్డుని ఆయన మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. శ్రీధర్ మెట్ల దాకా వెంటపడ్డాడు. “నేర్పినందుకు కట్టాను నాయనా, బాగా నేర్పారు. కనపడటానికి మాత్రం కట్టను” అని చెప్పి దిగిపోయాను.

నాలుగుముప్పావుకి బస్టాండులో ఏలూరు వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ దొరికింది. హనుమాన్ జంక్షన్‌కి గంట ప్రయాణం, గన్నవరం దాటితే ఇక ఆగకుండా వెళ్ళిపోతుంది. మగవాళ్ళకి అరవై పైన అవుతుంది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, లేని మైకు కోసం నడిచిన సంగతి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కనావిడ కొంచెం జరిగి కూర్చుంది.

రహీమ్ గారు షెడ్డులో కుర్చీలు సర్దుతున్నారు. నేను దాచుకోలేక మొత్తం చెప్పేశాను. క్యాంపుకి వెళ్ళిపోదామనుకున్నానని, నాటకం వదిలేద్దామనుకున్నానని కూడా చెప్పాను. ఆయన తల దించుకుని కుర్చీ తుడుస్తూనే, “నాకు తెలుసమ్మా” అన్నారు.

“ఎట్లా తెలుసండీ? మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదే!”

“ఆ పోస్టర్ మీ స్టేటస్‌లో పెట్టారు కదమ్మా. తేదీలు నేనూ ఫోన్ చేసి కనుక్కున్నా.”

సిగ్గుతో చచ్చిపోయాను. స్నేహితురాళ్ళు చూస్తారని పెట్టిన స్టేటస్ అది. ఈయన కూడా చూస్తారన్న ధ్యాసే లేకపోయింది.

“మరి నన్ను ఒక్క మాట కూడా అడగలేదేంటండీ?”

“అడిగితే మీరు మొహమాటపడి ఆగిపోతారు. అందుకే గుంటూరులో ఇంకో ఆర్టిస్టుని సిద్ధంగా ఉండమన్నా. నాలుగు రోజులైంది. ఆవిడ మాటలు కూడా చదువుకుంటున్నారు. వెళ్తానంటే సంతోషంగా పంపుదామనే అనుకున్నామమ్మా.”

నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్క కుర్చీ తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూనే, ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడిగేశాను. “మీరూ ఇన్నేళ్ళుగా డబ్బు పెట్టే వేషం వేస్తున్నారు కదండీ. మీకెప్పుడూ నాలాగా అనిపించలేదా?”

“నేను వేషం కొనుక్కోవట్లేదమ్మా, నాటకం పెట్టుకుంటున్నా. నా డబ్బుకి నాటకం కళ్ళ ముందు ఆడుద్ది. వాళ్ళకి కడితే ఏమొచ్చుద్ది? ఎవరో చూస్తారన్న ఆశ వచ్చుద్ది, అంతేగా” అన్నారు. తర్వాత ఫోన్ తీసి, గుంటూరు ఆవిడకి మా ఆర్టిస్టు ఉంటున్నారని, తొందరపెట్టినందుకు ఏమీ అనుకోవద్దని మర్యాదగా చెప్పారు. ఆ రాత్రి రహీమ్ గారింట్లోనే ఉండి, తెల్లవారి మొదటి బస్సుకి నూజివీడు మీదుగా మైలవరం చేరి బడికి వెళ్ళాను.

వర్క్‌షాపుకి డబ్బు కట్టొచ్చా అని ఎవరైనా అడిగితే, కట్టొచ్చనే అంటాను. ఎవరి దగ్గరైనా ఏదైనా నేర్చుకుంటే అది ఊరికే పోదు, ఆ రోజు నేను వినడం నేర్చుకున్నాను. కానీ ఆశని ఫీజులో కలిపి అమ్మే చోట మన తెలివి పనిచెయ్యదు, నాది పనిచెయ్యలేదు. నా వయసు, నా కోరిక, నా భయం అన్నీ తెలిసినట్టు మాట్లాడినవాడు నన్ను తొందరపెట్టాడు. నిజంగా అవన్నీ తెలిసిన మనిషి నేను లేకుండా నాటకం ఆడటానికి సిద్ధపడ్డాడు. ఆ తేడా తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

మీరు వెళ్ళే ముందు ఒక్క పని చెయ్యండి. ఫోన్ చేసి, “ఇది నేర్పడానికా, ఎంపిక చెయ్యడానికా?” అని అడిగి, జవాబు మెసేజీలో పెట్టమనండి. నేర్పడానికి అంటే, ఎవరు నేర్పుతారో, మనిషికి ఎన్ని నిమిషాలిస్తారో కనుక్కుని కట్టండి. ఎంపికకి అంటే మాత్రం కట్టకండి. ఆ ప్రశ్న అడగడానికి ఒక్క నిమిషం చాలు. అడగనందుకు నాకు పద్దెనిమిదేళ్ళ నాటకం చేజారిపోయేంత పని అయింది.