ముద్ర లేని పాట

నాకు అనుమానం ఉగ్గుపాలతోనే వచ్చింది. మా నాన్న ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు. గుంటూరు యార్డుకు కాయలు తోలినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ కొనేవాళ్లు బస్తా పైన నిగనిగలాడే కాయల్ని కన్నెత్తి చూసేవాళ్లు కాదు. చెయ్యి లోపలిదాకా దూర్చి, అడుగు కాయలు లాగి, విరిచి చూసేవాళ్లు. పైన ఏరిన కాయలు పరిచి కింద తాలుకాయలు, అంటే రంగు పోయినవి, నింపి ఉంటారేమోనని వాళ్ల భయం. మా నాన్న వాళ్లను తిట్టుకునేవాడు. విత్తనాలు కొనేటప్పుడు తనూ అదే పని చేసేవాడు.

ఆయన భజన పాటలు కూడా కట్టేవాడు. ప్రతి పాట చివరి చరణంలో మా ఊరి పేరు వచ్చి తీరాలి. భజన కట్టేవాళ్లు దాన్ని ముద్ర అంటారు. "ముద్ర లేని పాటా, పలుపు లేని గేదే ఒకటేనే అమ్మాయ్. ఎవడు తోలుకుపోయినా నోరెత్తలేం" అనేవాడు.

నేను తెలుగు టీచర్నయ్యాను, పాటల పిచ్చి మాత్రం పోలేదు. బడి వార్షికోత్సవానికి రాశాను, ఎన్నికల ప్రచార బండ్లకు రాశాను, ఎవరి పెళ్లికో రాశాను. పాట మోగేది, నా పేరు ఎక్కడా వినపడేది కాదు. ఒకసారి హైదరాబాదులో ఒక సినిమా ఆఫీసుకు ఎలాగో ఫోన్ చేస్తే, "మీ పేరుతో బయటికొచ్చిన పాట ఒక్కటి పంపండి మేడం, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఒక్క పాట. దాని కింద నా పేరు. అప్పటినుంచి నాకు కావలసింది అదొక్కటే.

ఒంగోలులో ఒక చిన్న స్టూడియో ఉంది. పల్లె పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెడతారు. ట్యూన్లు యజమానే కడతాడు. నేను ఆయనకు ఫోనులో చరణాలు మాత్రం పంపి, పల్లవి దాచుకున్నాను.

"పల్లవి లేకుండా ట్యూన్ ఎట్టా కట్టమంటారండీ?"

"ముందు కట్టండి. విని పంపుతాను."

మా ఆయన ఇది విని పగలబడి నవ్వాడు. "పెళ్లిచూపులకి పెళ్లికూతుర్ని దాచేసి తోడపెళ్లికూతుర్ని పంపావేంటే?" అన్నాడు. చివరికి బస్సెక్కి నేనే ఒంగోలు వెళ్లి, ఎదురుగా కూర్చుని పాడాను.

*ఎండలో ఎరుపెవరిదే వదినా,*
*కోసిన చేతిదా, కాసిన చెట్టుదా?*

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన కళ్లు చూడలేదు, బల్లమీద ఫోను రికార్డవుతోందేమోనని చూస్తున్నాను. అంతా అయ్యాక ఆయన, "చివరి చరణం తీసేద్దామండీ" అన్నాడు. ఆ చరణంలోనే మా ప్రత్తిపాడు పేరుంది.

"ఎందుకు తియ్యాలి?"

"ఊరి పేరు తప్ప అందులో ఏముంది మేడం? పాటంతా మండుతుంటే అక్కడికొచ్చేసరికి చల్లారిపోయింది."

గేదె పలుపు కోస్తున్నాడని అర్థమైంది. మూతి బిగించుకుని బస్సెక్కాను. దారిలో ఒళ్లు మండుతూనే, యార్డులో కాయలు చూసినట్టు, పాటను కింది నుంచి పైకి చదివాను. కింది చరణం తాలే. ఊరి పేరు ఇరికించడానికి కట్టిన చరణం అది. ఎన్నిసార్లు మార్చి రాసినా పేరు కుదురుకోలేదు. అప్పటినుంచి ఏ పాట రాసినా చివరి చరణమే ముందు చదువుతాను. ఆ అలవాటు వచ్చాకే నా పాటల్లో సగం చింపి పారేశాను, మిగిలినవి కాస్త బాగుపడ్డాయి.

"తీసేయండి. కానీ రచన అని నా పేరు వెయ్యాలి" అని ఫోనులో చెప్పాను. "అయ్యో, అంత మాటా! తప్పకుండానండీ" అన్నాడు. ఆ 'అయ్యో' దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

వీడియో వచ్చింది. గాయని పేరుంది, సంగీతం కింద ఆయన పేరుంది. రచన దగ్గర 'జానపదం' అని ఉంది. నేను ఫోనులో వేసిన కేకలకు స్టాఫ్ రూములో వాళ్లంతా క్యారేజీలు తినడం ఆపేశారు. ఆయన మాత్రం నెమ్మదిగా, "జానపదం అంటే జనం ఎక్కువ చూస్తారండీ. కింద ఎక్కడో ఒకచోట మీ పేరు పెడతాలెండి" అన్నాడు. ఈ రోజుకూ పెట్టలేదు. హైదరాబాదుకు పంపితే, "ఇది జానపదం అని ఉందే మేడం?" అన్నారు. వాళ్ల గొంతులో అనుమానం నాకు బాగా తెలిసినదే. ఆ తర్వాత వాళ్లు ఫోనెత్తలేదు.

ఈ ఏడాది మా చేలో కోతకు కనిగిరి వైపు నుంచి ఆడకూలీల ముఠా వచ్చింది. ఆదివారం చేలోకి వెళ్లేసరికి సాళ్లలోంచి పాట. నా పాట! ముందుండి పాడుతున్నామెను ఆపి, ఎక్కడిదమ్మా ఈ పాట అని అడిగాను.

"మా అమ్మమ్మ పాడేదమ్మా."

"అబద్ధం. ఇది నేను రాశాను."

సాళ్లన్నీ గొల్లున నవ్వాయి. "సరేలేమ్మా. చేనూ మీదే, పాటా మీదే" అందామె.

వాళ్లు మళ్లీ ఎత్తుకున్నారు. పాట అయిపోవాల్సిన చోట ఆపకుండా, నేనెప్పుడూ వినని చరణం పాడారు:

*కనిగిరి కూలిదాన్నే వదినా, చేతినిండా కారమాయె,*
*బిడ్డ కంట్లో నలుసు పడితే నాలుకతో తీశానే.*

లోపలిదాకా చెయ్యి పెట్టి చూశాను. తాలు లేదు. ఊరి పేరు తీయబోతే చరణమే కూలిపోతుంది. నేను బస్సులో, బడిలో, ఇంట్లో కూర్చుని చేయలేకపోయిన పని అది. అసూయా పుట్టింది, ఏడుపూ వచ్చింది.

"ఈ చివరి చరణం ఎవరిది?"

ఆమె కాయలు కోస్తూనే, "నాదే" అంది.

"ఇంకొక్కసారి పాడవా అమ్మా?" అన్నాను. అంటూనే నాకు తెలియకుండా ఫోను బయటికి తీశాను.

ఆమె నడుం నిటారు చేసింది. కారం చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ముందు ఆ ఫోను లోపల పెట్టమ్మా" అంది.

పెట్టాను. ఖాళీగా ఉన్న నా రెండు చేతులూ చూసుకున్నాకే ఆమె పాడింది.