తొంభై తొమ్మిది శాతం

ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే రకం ఆ అమ్మాయి. కాలేజీ వేసవి సెలవుల్లో జన్యువుల లెక్కలు నేర్చుకుందామని ల్యాబ్‌లో చేరినా ఆ అలవాటు పోలేదు. ప్రోగ్రాం నడిపే ముందు ఫైలు పేరు మీద వేలు పెట్టి చదువుతుంది, బొటనవేలి గోరు కొరుకుతుంది, మళ్లీ చదువుతుంది. "నీ అనుమానం పాడుగానూ, కంప్యూటర్‌కే విసుగొస్తుందే" అంటుంది పక్క కుర్చీలో కూర్చునే సీనియర్ అక్క. ఎనిమిదో వారంలో, రక్త నమూనాల్లోని జన్యువులను బట్టి రోగులెవరో చెప్పే ఆమె ప్రోగ్రాం తొంభై తొమ్మిది శాతం సరిగ్గా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫలితాన్ని ల్యాబ్ ప్రదర్శనలో పెట్టడానికి పోస్టరు అచ్చయి వచ్చింది.

ప్రదర్శన రేపనగా, మధ్యాహ్నం ఫైళ్లు సర్దుతుంటే కనబడింది: ప్రోగ్రాంకు నేర్పడానికి వాడిన రోగులే పరీక్ష జాబితాలోనూ ఉన్నారు. ప్రోగ్రాం రోగులను కనిపెట్టలేదు, జవాబులు బట్టీపట్టింది. ఆమె పోస్టరు చుట్టను చంకలో పెట్టుకుని ప్రొఫెసర్ మేడం గదిలోకి వెళ్లింది.

"మేడం, ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టాను."

మేడం అంతా విని కళ్లద్దాలు తీసింది. "ప్రతిదీ మూడుసార్లు చూస్తావు కదమ్మా, ఇదెలా వదిలేశావు?"

"తక్కువొస్తే చూసేదాన్నే మేడం. బాగా వచ్చింది కదా అని చూడలేదు."